నురుగు - నిర్మలత

పండుగ నాలుగు రోజులుందనగా అనేక తెలుగు ఇళ్లలో ఒక దృశ్యం కనిపిస్తుంది. ఇల్లాలు బీరువా తెరచి, అడుగున భద్రపరచిన గద్వాల చీరనో, ధర్మవరం చీరనో వెలికి తీస్తుంది. గుప్పెడు కుంకుడుకాయలను నలగగొట్టి, గింజలు ఏరివేసి, తొక్కలను వేడినీటిలో నానవేస్తుంది. రసాన్ని పలుచని గుడ్డతో వడకట్టి, చల్లార్చి, చీరను అందులో మెల్లగా ముంచి తీసి, గట్టిగా పిండకుండా నీడపట్టున ఆరవేస్తుంది. అదే సమయంలో, అదే ఇంటిలో పిల్లల బడి దుస్తులు, పక్క దుప్పట్లు, తువాళ్లు ఉతుకు యంత్రంలో తిరుగుతూ ఉంటాయి. వాటి మీద ఎవరో గుప్పెడు పొడిని కొలత చూడకుండానే కుమ్మరించి వెళ్లారు. ఒకే ఇంట్లో, ఒకే పూట, రెండు భిన్నమైన పద్ధతులు!

ఈ దృశ్యంలో ఆలోచింపదగిన అంశం ఒకటి ఉంది. విలువైన వస్త్రానికి హాని కలుగరాదని భావించినప్పుడు ఆ కుటుంబం కుంకుడునే నమ్మింది. మరి నిత్యం ఒంటిని అంటిపెట్టుకొని ఉండే దుస్తుల విషయంలో, వాటిని ఉతికిన నీరు చివరకు చేరుకొనే చెరువు విషయంలో ఆ జాగ్రత్త ఎందుకు మాయమైంది? పట్టుచీర పాటి విలువ చెరువుకు లేదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే బట్టల ఉతుకు వెనుక ఉన్న చరిత్రను, శాస్త్రాన్ని, శ్రమను కూడా పరిశీలించవలసి ఉంటుంది. పూర్వకాలమంతా ఉత్తమమనీ, వర్తమానమంతా అధమమనీ తీర్పు చెప్పడం తేలిక. తేలికైన తీర్పులు సాధారణంగా సగం సత్యాన్నే పలుకుతాయి.

భారతీయులు వస్త్రశుద్ధిని గురించి చాలా ప్రాచీన కాలంలోనే సూక్ష్మంగా ఆలోచించారు. అమరకోశం కుంకుడుకు ‘అరిష్టం’, ‘ఫేనిలం’ అనే పేర్లను చెప్పింది. ‘ఫేనం’ అంటే నురుగు. నురుగు గలది ఫేనిలం. ‘రిష్టం’ అంటే హాని; హాని లేనిది అరిష్టం. కీడు అనే అర్థంలో నేడు వాడుకలో ఉన్న ‘అరిష్టం’ ఒక చెట్టుకు పేరైనప్పుడు క్షేమాన్ని సూచించడం గమనార్హం. హిందీలో కుంకుడును ‘రీఠా’ అంటారు. అది ఈ అరిష్ట శబ్దం నుంచి పుట్టినదే. ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్ల ప్రజాతికి పెట్టిన ‘సాపిండస్’ అనే లాటిన్ నామానికి కూడా ‘భారతీయ సబ్బు’ అనే భావమే మూలం. రెండు ఖండాల పండితులు రెండు భాషలలో పేరు పెట్టినా ఇద్దరి దృష్టీ ఆ కాయలోని నురుగు మీదనే నిలిచిందన్నమాట.

మనుస్మృతి ఐదవ అధ్యాయంలో ద్రవ్యశుద్ధి ప్రకరణం ఉంది. పట్టుబట్టలను, ఉన్ని బట్టలను చౌటిమట్టితోను, మేక ఉన్ని కంబళ్లను కుంకుడుతోను, నారపట్టు వస్త్రాలను మారేడుకాయతోను, అవిసెనార బట్టలను తెల్ల ఆవాలతోను శుభ్రపరచాలని అక్కడ చెప్పారు. ఆ గ్రంథంలోని సామాజికమైన కట్టుబాట్లు నేటి సమాజానికి ఆమోదయోగ్యం కావు. వాటిని సమర్థించవలసిన అవసరమూ లేదు. అయితే ఈ ఒక్క విషయంలో దాగి ఉన్న ఒక సూత్రాన్ని గ్రహించవచ్చు. అన్ని వస్త్రాలకూ ఒకే మందు పనికిరాదు. పోగు స్వభావాన్ని బట్టి శోధన ద్రవ్యం మారాలి. నేటి యంత్రయుగం మరచిపోయిన సూత్రం ఇదే. నేడు పట్టు, నూలు, ఉన్ని, పాలిస్టర్ అన్నింటికీ ఒకే డబ్బాలోని పొడి చాలునని వినియోగదారుడు నమ్ముతున్నాడు.

కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో రజకులకు సంబంధించిన నియమాలు ఉన్నాయి. చెక్కపలకల మీదనో, నున్నని రాళ్ల మీదనో మాత్రమే బట్టలు ఉతకాలనీ, అలా కాక మరొకచోట ఉతికి చింపితే నష్టపరిహారంతో పాటు 6 పణాల దండుగ చెల్లించాలనీ ఆ శాస్త్రం విధించింది. ఉతుకు అనేది రాజ్యం పట్టించుకోదగిన వ్యవహారమని ప్రాచీనులు భావించారని దీనివల్ల తెలుస్తున్నది. తెలుగులో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మడివాలు మాచయ్య కథను చెప్పాడు. శివభక్తుల మైలబట్టలను ఉతికి ఇవ్వడమే పరమ వ్రతంగా భావించిన భక్తుడు మాచయ్య. ఉతికే చేతులకు కావ్యగౌరవాన్ని కల్పించిన ఘనత సోమనాథునికి దక్కింది.

గ్రంథాలను పక్కనబెట్టి ఊరి చివర చాకిరేవుకు వెళితే అక్కడ మరొక శాస్త్రశాల కనిపించేది. చౌటినేలల మీద వేసవిలో తెల్లగా పొంగిన మట్టిని రజకులు సేకరించి తెచ్చేవారు. దానిని నీటిలో కలిపి, తేటను తీసి, మాసిన బట్టలను అందులో తడిపేవారు. తడిపిన బట్టలను పెద్ద బాన మీద పేర్చి, కింద మంట పెట్టి, ఆవిరికి మగ్గనిచ్చేవారు. దీనినే ఉబ్బ వేయడం అనేవారు. మరునాడు రేవుకు మోసుకొని వెళ్లి, బండకు వేసి బాది, పారే నీటిలో జాడించి, ఇసుక తిన్నెల మీదనో గడ్డి మీదనో ఎండవేసేవారు. తెల్లని పంచెలకు నీలిమందు, నూలు చీరలకు గంజి పెట్టడం చివరి అంకం. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజల రసంతో అంచున గుర్తు పెట్టేవారు. ఎన్ని ఉతుకులకూ ఆ గుర్తు చెరిగేది కాదు. చదువు రాని వారని సమాజం భావించిన ఆ వృత్తికారులు వందల బట్టలను పొరపాటు లేకుండా ఏ ఇంటివి ఆ ఇంటికి చేర్చేవారు.

ఈ పద్ధతిలోని రసాయనశాస్త్రం నేటి విద్యార్థికి సులభంగానే బోధపడుతుంది. చౌటిమట్టిలో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు లవణాలు ఉంటాయి. ఇవి క్షారాలు. వేడి తగిలినప్పుడు బట్టకు పట్టిన జిడ్డుతో కలిసి దానిని కరిగిస్తాయి. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది; బూడిద తేటనీరు చేసే పనీ ఇదే. అంగడిలో చాకలి సోడా అనే పేరుతో దొరికేది శుద్ధమైన సోడియం కార్బొనేటు. ఇంకొక విశేషం కూడా ఉంది. నేడు రంగురంగుల సంచులలో వస్తున్న ఉతుకు పొడులలో గణనీయమైన భాగం ఈ సోడాయే. అంటే చాకలి బానలోని చౌడుకూ, నేటి పొడికీ మధ్య బంధుత్వం పూర్తిగా తెగిపోలేదు. మారినవి దానితో చేరిన కృత్రిమ శోధకాలు, రంగులు, పరిమళాలు.

కుంకుడు పనిచేసే తీరు వేరు. దాని తొక్కలో, గుజ్జులో ‘సాపోనిన్లు’ అనే పదార్థాలు ఉంటాయి. సాపోనిన్ అణువులో ఒక భాగం చక్కెర జాతికి చెందినది. అది నీటిని ఇష్టపడుతుంది. రెండవ భాగం నూనెను, జిడ్డును ఇష్టపడుతుంది. ఒక కొస జిడ్డును పట్టుకొంటే మరొక కొస నీటిని పట్టుకొంటుంది. అందువల్ల బట్టకు అంటిన జిడ్డు విడివడి నీటితో పాటు కొట్టుకొనిపోతుంది. సబ్బు, కృత్రిమ శోధకం పనిచేసేది కూడా ఈ సూత్రం మీదనే. తేడా ఏమిటంటే కుంకుడు రసంలో క్షారగుణం లేదు. పట్టు, ఉన్ని మాంసకృత్తులతో ఏర్పడిన పోగులు. క్షారం వాటిని బలహీనపరుస్తుంది, మెరుపును పోగొడుతుంది. కుంకుడు వాటి జోలికి పోదు. ఇల్లాలు పట్టుచీరకు కుంకుడునే ఎన్నుకోవడం అనుభవం నేర్పిన శాస్త్రం. బంగారు నగలకు మెరుగు పెట్టే స్వర్ణకారులు కూడా కుంకుడు రసాన్ని వాడటం తెలిసిన విషయమే. శ్రీకాళహస్తి, పెడన కలంకారీ వస్త్రాల వంటి సహజవర్ణాల బట్టలకు కూడా ఇటువంటి మృదువైన ఉతుకే మేలు.

ఇంతవరకు చెప్పినది ఘనమైన వారసత్వం. అయితే దీనికి మరొక పార్శ్వం ఉంది. దానిని చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. పూర్వపు ఉతుకు స్వచ్ఛంగా కనిపించడానికి కారణం దానిలోని ద్రవ్యాలు మాత్రమే కాదు, ఎవరి చేతనో చేయించిన శ్రమ. చలికాలపు తెల్లవారుజామున మొలలోతు నీటిలో నిలబడినవారు, క్షారజలంలో చేతులు ఒరిసిపోయినవారు, మైల గుడ్డల మూటలు మోసినవారు రజక స్త్రీపురుషులు. ఏడాది పొడవునా ఉతికితే కళ్లంలో దక్కిన మేర గింజలే వారికి ప్రతిఫలం. తెలంగాణలో వెట్టి అమలులో ఉన్న రోజుల్లో దొరల ఇళ్లలో ఆ పాటి ప్రతిఫలం కూడా లేదు. ఆ వెట్టిని ఎదిరించి తన పంటను, భూమిని కాపాడుకొన్న చాకలి ఐలమ్మ తెలంగాణ సాయుధ పోరాటానికి స్ఫూర్తి అయింది. ఆమె పోరాటభూమి పాలకుర్తి. సోమనాథుని పేరుతో ముడిపడిన ఊరు కూడా అదే. ఉతికే వృత్తికి కావ్యగౌరవం దక్కిన చోటనే ఆ వృత్తిలోని స్త్రీ కనీస న్యాయం కోసం పోరాడవలసి రావడం చరిత్ర చెప్పే చేదునిజం. కాబట్టి సహజ పద్ధతులకు మరలుదామని చెప్పేవారు ఆ శ్రమ ఎవరి భుజాల మీద పడుతుందో ముందుగా చెప్పవలసి ఉంటుంది.

ఈ నేపథ్యంలోనే కృత్రిమ శోధకాల రాకను అర్థం చేసుకోవాలి. కఠినజలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఉంటాయి. సబ్బు వాటితో కలిసి తెట్టులాగా విరిగిపోతుంది. నురుగు రాదు, మురికి వదలదు, బట్ట మీద బూడిదరంగు పొర మిగులుతుంది. బోరునీటి మీద ఆధారపడిన ఊళ్లలో ఇది నిత్యానుభవం. పెట్రోలియం నుంచి తయారయ్యే కృత్రిమ శోధకాలు కఠినజలంలో కూడా పనిచేస్తాయి. 1959లో ‘సర్ఫ్’ భారతీయ విపణిలో ప్రవేశించింది. 1969లో అహమ్మదాబాదులో మొదలైన ‘నిర్మా’ తక్కువ ధరకు లభించి సామాన్యుల ఇళ్లకు చేరింది. తెలుగు ఇళ్లలో ఏ సంస్థ తయారుచేసిన పొడినైనా ‘సర్ఫు’ అనడం అలవాటుగా మారింది. ఒక వ్యాపారనామం జాతివాచకంగా స్థిరపడిందంటే ఆ వస్తువు ఎంత గాఢంగా జీవితంలోకి చొచ్చుకొని వచ్చిందో ఊహించవచ్చు. గంటల తరబడి బండకు బాదే పని తగ్గింది. నడుము నొప్పి తగ్గింది. బాలికలకు చదువుకొనే సమయం కొంత మిగిలింది. ఈ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది.

అయితే మేలుతో పాటు వచ్చిన కీడు ఇంటిలో కనిపించదు. ఊరి చివర కనిపిస్తుంది. తొలితరం శోధకాలు నీటిలోని సూక్ష్మజీవులకు సులభంగా జీర్ణం కాలేదు. 1950లలో ఐరోపా, అమెరికా నదుల మీద నురుగు తెట్టెలు కట్టింది. దానితో తయారీదారులు ఆ అణువు నిర్మాణాన్నే మార్చవలసి వచ్చింది. 1960ల మధ్యకాలానికి జీర్ణమయ్యే రకం శోధకాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఆ తరువాత బయటపడిన సమస్య ఫాస్ఫేట్లు. నీటి కాఠిన్యాన్ని తగ్గించడానికి పొడిలో కలిపే ఈ లవణాలు చెరువుకు చేరితే ఎరువుగా పనిచేస్తాయి. నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. అవి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగిపోతుంది. చేపలు ఊపిరాడక తేలిపోతాయి. ఈ నేరమంతా ఉతుకు పొడిదే అనడం సరికాదు. మానవ వ్యర్థాలు, పొలాల ఎరువులు కూడా చెరువులకు భాస్వరాన్ని మోసుకొని వస్తున్నాయి. కాని ఇంటివారు తలచుకొంటే రేపటినుంచే తగ్గించగలిగిన భాగం ఏదైనా ఉంటే అది ఉతుకు పొడి ద్వారా చేరుతున్న భాగమే. ఐరోపా సమాజం 2013 జూన్ చివరి నుంచి గృహావసరాల ఉతుకు పొడులలో ఫాస్ఫేట్ల పరిమాణాన్ని చట్టంతో కట్టడి చేసింది.

దేశంలోని అనుభవం మరింత దగ్గరిది. బెంగళూరులోని బెల్లందూరు చెరువు 2015లో నురుగుతో నిండి, ఆ నురుగు గాలికి లేచి రోడ్ల మీద పడింది. అదే చెరువులో 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను మంటలు లేచాయి. నీటికి నిప్పు అంటుకొన్నదన్న వార్త చదివినవారు నిర్ఘాంతపోయారు. శుద్ధి చేయని మురుగునీరు ఏళ్ల తరబడి చేరడం అందుకు మూలకారణం. ఢిల్లీ వద్ద యమునానదిలో ఛఠ్ పండుగ వేళ భక్తులు మోకాలిలోతు తెల్లని నురుగులో నిలబడి సూర్యునికి అర్ఘ్యం విడుస్తున్న దృశ్యాలు ఏటా పత్రికలలో కనిపిస్తున్నాయి. దూరం నుంచి ఆ నురుగు మంచులా మెరుస్తుంది. తెల్లగా ఉన్నదంతా శుభ్రమైనది కాదని చెప్పడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు. ఇంటిలో నురుగు శుభ్రతకు గుర్తు. నదిలో అదే నురుగు మాలిన్యానికి గుర్తు.

నిజానికి నురుగుకూ శుభ్రతకూ ఉన్న సంబంధం జనం అనుకొన్నంత గట్టిది కాదు. మురికిని వదిలించేది శోధకపు అణువు. నురుగు దానికి తోడుగా వచ్చే ఆర్భాటం మాత్రమే. తక్కువ నురుగుతో చక్కగా ఉతికే పొడులు యంత్రాల కోసం ప్రత్యేకంగా తయారవుతున్నాయి. అయినప్పటికీ నురుగు కనిపించకపోతే బట్ట ఉతికినట్లే లేదని భావించే మనస్తత్వం బలంగా ఉంది. అందుకే కొలత చెంచా డబ్బాలోనే ఉన్నా దానిని ఎవరూ వాడరు. మోతాదు మించిన పొడి బట్టలో మిగిలిపోయి చర్మానికి చిరచిర కలిగిస్తుంది. దానిని వదిలించడానికి మరో రెండు బకెట్ల నీరు ఖర్చవుతుంది. ఎద్దడి రోజుల్లో ట్యాంకరు నీటి కోసం ఎదురుచూసే కుటుంబానికి ఆ రెండు బకెట్లు చిన్నవి కావు.

మరి కుటుంబం చేయవలసినదేమిటి? కుంకుడుతోనే అన్ని బట్టలూ ఉతకవచ్చునని ఉత్సాహవంతులు కొందరు ప్రచారం చేస్తున్నారు. వారి సదుద్దేశాన్ని శంకించనవసరం లేదు. కాని మాటను మాత్రం పరీక్షించాలి. కుంకుడు రసం పట్టుకు, ఉన్నికి, పలుచని నూలు బట్టలకు, తేలికగా మాసిన దుస్తులకు చక్కగా పనిచేస్తుంది. పొలం బురద పట్టిన పంచెకు, యంత్రాల నూనె అంటిన కార్మికుని చొక్కాకు అది చాలదు. తెల్లని బట్టలను పదేపదే దానితోనే ఉతికితే లేత పసుపు ఛాయ ఏర్పడవచ్చు. రసం నిలువ ఉండదు. రెండు మూడు రోజులకే పులిసిపోతుంది. చల్లని నీటిలో కాయలు వేస్తే సారం సరిగా దిగదు. పది పన్నెండు కాయల తొక్కలను లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం పది పదిహేను నిమిషాలు మరిగించి, పిసికి వడకట్టితేనే రసం చిక్కగా వస్తుంది. గింజలో సారం లేదు కనుక ముందే తీసివేయాలి. ఈ పనికి సమయం కావాలి. ఆ సమయం ఇంటిలో ఎవరిదన్నది అసలు ప్రశ్న. కుంకుడు నానవేసేది తల్లి, మరిగించేది తల్లి, ఉతికేది తల్లి, పర్యావరణాన్ని గురించి ఉపన్యసించేది మాత్రం తక్కినవారు అయితే, ఆ సంస్కరణ పూర్వపు వెట్టికి కొత్త రూపమే అవుతుంది.

‘సహజం’ అనే పదానికి ‘నిరపాయం’ అనే అర్థాన్ని కట్టబెట్టడం కూడా పొరపాటే. కుంకుడు రసం కంటిలో పడితే కలిగే మంట తలంటి పోయించుకొన్న తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ మంటను మరపించడానికి నోటిలో ఉప్పురాయి వేసే అమ్మమ్మలను ఎవరు మరువగలరు? అంతకంటే ముఖ్యమైనది మరొకటి. సాపోనిన్లు చేపలకు విషతుల్యం. అనేక దేశాలలో సాపోనిన్లు గల మొక్కలను నీటిలో నలిపి చేపలను పట్టే అలవాటు ఉంది. కనుక సహజమైనదే కదా అని కుంకుడు నీటిని చిన్న కుంటలోకి నేరుగా వదలరాదు. దానిని మట్టిలోకి, చెట్ల పాదులలోకి మళ్లించడం ఉత్తమం. అక్కడి సూక్ష్మజీవులు దానిని జీర్ణించుకొంటాయి. అలాగే చాకలి సోడా ప్రకృతిలో దొరికే లవణమే అయినా చేతులను ఒరిపిస్తుంది, పట్టును పాడుచేస్తుంది. వంటసోడాను, వెనిగర్‌ను కలిపి పొంగించి బట్టల మీద పోయమనే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. ఆమ్లం, క్షారం కలిస్తే ఒకదాని శక్తిని మరొకటి హరిస్తుందని పదవ తరగతి రసాయనశాస్త్రం చెబుతూనే ఉంది. ఆ పొంగు కంటికి ఇంపు కలిగించవచ్చును గాని మురికిని వదిలించదు.

కాబట్టి కావలసినది ఒకదానిని పూర్తిగా విడిచి మరొకదానిని పట్టుకోవడం కాదు. బట్టను చూసి, మురికిని చూసి, తగిన సాధనాన్ని ఎన్నుకొనే వివేకం. నిత్యం వచ్చే మరకలలో చాలావాటికి వంటింటిలోనే మందు ఉంది. రక్తపు మరకకు చన్నీరు చాలు. వేడినీరు దానిని బట్టకు మరింత గట్టిగా పట్టిస్తుంది. నూనె ఒలికిన వెంటనే శనగపిండి చల్లితే అది జిడ్డును పీల్చుకొంటుంది. తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు పనిచేస్తాయి. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడి భయపెడుతుంది. అది క్షారానికి పసుపు చూపే సహజమైన స్పందన. ఆ బట్టను ఎండలో ఆరవేస్తే వెలుతురుకు పసుపు రంగు దానంతట అదే విరిగిపోతుంది. ఎండ ఖర్చు లేని శోధకం, క్రిమినాశకం. తెలుగునేల మీద ఏడాదిలో అత్యధిక దినాలు ఉచితంగా లభించే ఈ సంపదను కాదని పరిమళద్రవ్యాలతో తేమ వాసనను కప్పిపుచ్చడం తెలివైన పని కాదు.

ఈ వివేకాన్ని ఒక కుటుంబం నాలుగు అలవాట్లుగా మలచుకోవచ్చు. పట్టు, ఉన్ని, చేనేత, సహజవర్ణాల బట్టలకు కుంకుడు రసం వాడటం మొదటిది. ఒకసారి కట్టి విడిచిన, చెమట మాత్రమే పట్టిన దుస్తులను కుంకుడు రసంతోనో, సగం కొలత పొడితోనో ఉతకడం రెండవది. బాగా మాసిన నూలుబట్టలను ముందుగా కొద్దిపాటి చాకలి సోడా కలిపిన వేడినీటిలో నానవేసి, తరువాత ఫాస్ఫేట్లు లేని పొడిని కొలత ప్రకారం వాడటం మూడవది. రోగులు వాడిన దుప్పట్లను మరిగే నీటిలో ఉడికించడం ఇక్కడ మరువరాదు. ఆరోగ్యం విషయంలో ప్రయోగాలకు తావులేదు. ఈ పనులన్నింటినీ ఇంటిల్లిపాదీ పంచుకోవడం నాలుగవది. మొదటి మూడు అలవాట్లు చెరువుకు మేలు చేస్తాయి. నాలుగవది మనిషికి మేలు చేస్తుంది. నాలుగవది లేకపోతే మొదటి మూడు ఎక్కువకాలం నిలువవు.

కుటుంబంతో పాటు సమాజం చేయవలసినదీ ఉంది. ఇంటింటికీ కుంకుడు చేరాలంటే కుంకుడు చెట్లు ఉండాలి. విత్తు నాటిన చెట్టు కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఒకనాడు పెరటిలోను, చేని గట్టు మీద కనిపించిన ఈ చెట్టు నేడు ఇళ్ల స్థలాలకు బలి అవుతున్నది. విశాఖపట్టణం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యంలోని గిరిజనుల నుంచి చింతపండు, తేనె వంటి అటవీ ఉత్పత్తులతో పాటు కుంకుడు, శీకాయలను కూడా సేకరిస్తుంది. నగరంలో సహజ పదార్థాలకు గిరాకీ పెరిగితే దాని ఫలం అందమైన సీసాలలో రసాన్ని నింపి అమ్మేవారికే కాక, కొండకోనలలో కాయ ఏరిన గిరిజన స్త్రీకి కూడా గిట్టుబాటు ధరగా అందాలి. అలాగే పొడి సంచి మీద పరిమళం పేరుకు ఇచ్చే చోటులో కొంతైనా అందులోని ద్రవ్యాల పేర్లకు, సరైన మోతాదుకు కేటాయించాలి. అన్నింటికంటే ముఖ్యంగా మురుగునీటిని శుద్ధి చేయకుండా చెరువులోకి వదలడం ఆగాలి. ఇంటివారు ఎంత జాగ్రత్తపడినా పురపాలక వ్యవస్థ నిద్రపోతే బెల్లందూరు మంటలు మరొక ఊళ్లో లేస్తాయి. పౌరుని వివేకం పాలకుల బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు.

‘చాకలి కొత్త, మంగలి పాత’ అని తెలుగులో ఒక సామెత ఉంది. కొత్తగా కుదిరినవాడు తెల్లగా ఉతికి మెప్పు పొందాలని చూస్తాడని దాని భావం. గత అరవై ఏళ్లుగా కృత్రిమ శోధకం ఆ కొత్త మెప్పును సంపాదించుకొన్నది. ఇప్పుడది పాతబడింది. దాని గుణాన్నీ దోషాన్నీ తూచి చూడవలసిన సమయం వచ్చింది. తూచినప్పుడు దాని సేవను మరువరాదు. అది మిగిల్చిన మాలిన్యాన్నీ దాచరాదు. కుంకుడును పూజించనవసరం లేదు, పారవేయనవసరమూ లేదు. దాని పని దానికి అప్పగిస్తే చాలు.

శుభ్రత అంటే మురికిని తన ఇంటి నుంచి పొరుగువాని ఇంటికి నెట్టడం కాదు. చొక్కా మీది మరక చెరువులోకి, ఒకరి సుఖం మరొకరి అరచేతి పుండులోకి మారినంత కాలం ఆ తెలుపు అసంపూర్ణమే. బట్ట తెల్లబడి, ఉతికిన చేయి నొవ్వక, జాడించిన నీరు చేరిన చెరువులో చేప బ్రతికినప్పుడే ఆ ఉతుకు సంపూర్ణమవుతుంది. పట్టుచీర పట్ల చూపే ఆ కొద్దిపాటి శ్రద్ధను తక్కిన బట్టలకూ, వాటి వెనుక ఉన్న చేతులకూ, వాటి ముందున్న నీటికీ విస్తరింపజేయడమే నేటి కుటుంబం ముందున్న కర్తవ్యం.